అడుగులు లెక్కిస్తే సరా?

తెల్లవారుజామున ఐదున్నర. బళ్లారి మున్సిపల్ మైదానంలో నడకరాయుళ్ల సందడి. బ్యాంకు ఉద్యోగులు, వకీళ్లు, అంగడి యజమానులు, రిటైరైన మేష్టార్లు. చేతికి గడియారం, అందులో అడుగుల లెక్క. 'ఇయ్యాల ఎంతైంది సార్?' అని ఒకాయన అడుగుతాడు. 'ఏడు వేలు దాటింది, ఇంకో రెండు రౌండ్లు కొడితే సరి' అంటాడు ఇంకొకాయన. ఎండ ఎక్కేసరికి అందరూ ఇళ్లకు చేరిపోతారు. దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీల దగ్గర ఆగేవాళ్లూ లేకపోలేదు. ఆ లెక్క మాత్రం ఏ గడియారమూ చూపించదు!

సరిగ్గా అదే వేళకు కౌల్ బజార్ సందుల్లో కుట్టు మిషన్లు మొదలవుతాయి. జీన్స్ ప్యాంట్లకు పేరుపడిన ఊరు మనది. జేబు కుట్టేవాడు జేబే, జిప్పు కుట్టేవాడు జిప్పే. కూలి పీసు లెక్కన. పొద్దున కూర్చుంటే రాత్రిదాకా లేచే పని లేదు. పండగ ఆర్డర్లు వచ్చాయంటే అర్ధరాత్రి దాకా అదే బల్ల, అదే వంగిన నడుము. ఈ మనిషికీ జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంది. అందులో పాటలున్నాయి, సినిమాలున్నాయి, వాట్సాప్ ఉంది. అడుగులు లెక్కించే సరంజామా కూడా ఫోనుతోపాటే వచ్చింది. ఉందని ఆయనకు తెలియదు, అంతే. తెలిసినా ఏం చేస్తాడు? లేచి పది నిమిషాలు నడిస్తే ఆ పది నిమిషాల కూలి పోతుంది.

మొబైల్ ఫోన్‌తో ఆరోగ్యం అన్న మాట ఈ మధ్య అందరి నోటా నానుతోంది. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం రోజున ఫిట్ ఇండియా ఉద్యమం ప్రారంభించింది. సరిగ్గా రెండేళ్లకు, 2021లో అదే తేదీన, ఫిట్ ఇండియా యాప్‌ను విడుదల చేసింది. అడుగులు, నిద్ర, తాగిన నీళ్లు, తిన్న తిండి.. అన్నీ అందులో నమోదు చేసుకోవచ్చు. ప్రైవేటు యాప్‌లకైతే లెక్కే లేదు. 2016లో జియో వచ్చాక డేటా చవకైపోయింది. పల్లెల్లో గొర్రెల కాపరి చేతిలో కూడా స్మార్ట్‌ఫోన్ కనిపిస్తోంది. ఇక ఆరోగ్యం అరచేతిలోకి వచ్చేసినట్లేనని ప్రచారం. అరచేతిలో వైకుంఠం చూపించడం మనవాళ్లకు కొత్త కాదు గనక ఈ మాటను కాస్త నిదానంగా చూడాలి.

ముందు ముప్పు ఎంతుందో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. దాని అంచున నిలబడి ఉన్నవారు మరో 13.6 కోట్లు. రక్తపోటు పెద్దవాళ్లలో మూడోవంతు మందికి పైగా, అంటే 35.5 శాతం మందికి ఉంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక మరో లెక్క ప్రచురించింది. ఒంటికి తగినంత పని చెప్పని పెద్దవాళ్లు మన దేశంలో 2000 సంవత్సరంలో 22 శాతం ఉండగా 2022 నాటికి దాదాపు 50 శాతానికి చేరారట. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. ఇంటి చాకిరీతో ఆడవాళ్లకు క్షణం తీరిక ఉండదని మనమంతా అనుకుంటాం. తీరిక లేకపోవడం వేరు, ఒంటికి చాలినంత కదలిక ఉండటం వేరని ఈ లెక్క చెబుతోంది.

మన జిల్లాలో ఇది ఎలా వచ్చిందో పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఒకప్పుడు ఇది జొన్నల నేల. జొన్నరొట్టె, కొర్రన్నం, పొలం పని, కాలినడక. తుంగభద్ర కాలువలు వచ్చాక సిరుగుప్ప, కంప్లి ప్రాంతాల్లో వరి పరుచుకుంది. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. తెల్లన్నం మూడు పూటలా అలవాటైంది. తర్వాత నాటుకు మనుషులున్నా కోతకు మిషన్లు వచ్చాయి. పొలానికి పోవాలన్నా బైకే. గనుల్లో గడ్డపార పట్టే పనిని యంత్రాలు మింగేశాయి. లారీ డ్రైవరు రోజంతా సీటు దిగడు. తోరణగల్లు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు. పొట్టకూటి పని మారింది, పొట్ట మాత్రం పాత పళ్లెమే అడుగుతోంది. షుగరు గాంధీనగర్ మేడల్లో వాళ్ల జబ్బని ఒకప్పుడు అనుకునేవాళ్లం. ఇప్పుడు ఏ క్యాంపుకు పోయినా, ఏ కుట్టు యూనిట్‌కు పోయినా మాత్రలు మింగేవాళ్లు కనిపిస్తారు. నలభై ఏళ్లకే పక్షవాతం వచ్చి మంచాన పడ్డ దర్జీ ఇంట్లో మిషన్ ఒక్కటే ఆగిపోదు. పిల్లల చదువూ ఆగుతుంది.

ఫోన్ దీనికేమైనా పనికొస్తుందా? పనికొస్తుంది, నిరూపణ ఉంది. చెన్నైకి చెందిన మధుమేహ నిపుణుడు డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం ఆగ్నేయ భారతంలో ఒక పరీక్ష జరిపింది. మధుమేహం అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్తులైన మగవాళ్లను తీసుకున్నారు. అందరికీ ఎదురుగా కూర్చోబెట్టి ఒకసారి సలహాలు చెప్పారు. సగం మందికి అదనంగా వాళ్ల అలవాట్లకు తగ్గట్టు సెల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపించారు. రెండేళ్ల తర్వాత చూస్తే, సందేశాలు అందనివారిలో 27 శాతం మందికి షుగరొచ్చింది. అందినవారిలో 18 శాతానికే వచ్చింది. 2013లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో అచ్చయ్యాయి. యాప్ లేదు, గడియారం లేదు. మామూలు డబ్బా ఫోనుకు వచ్చే నాలుగు ముక్కల సందేశం! 11 మందికి పంపితే ఒకరిని జబ్బు నుంచి తప్పించగలిగారు. ఏ మందు ఇంత చవగ్గా ఆ పని చేస్తుంది? 2012లో ఆరోగ్య వరల్డ్ అనే సంస్థ నోకియా ఫోన్లున్న దాదాపు 10 లక్షల మందికి 12 భాషల్లో ఇలాంటి సందేశాలు పంపింది కూడా.

అడుగుల లెక్కకూ ఆధారం ఉంది. నడుముకు తగిలించుకునే లెక్కల డబ్బీ వాడినవాళ్లు వాడనివాళ్లకన్నా రోజుకు దాదాపు 2,500 అడుగులు ఎక్కువ వేశారని 2007లో అమెరికా వైద్య పత్రిక జామా ప్రకటించింది. అయితే రోజుకు 10 వేల అడుగులన్న మంత్రం ఏ వైద్యుడూ చెప్పింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత 1965లో ఒక జపాన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన లెక్కల యంత్రం పేరది.. 'పదివేల అడుగుల మీటరు' అని. పేరు బాగుంది, ప్రపంచమంతా పట్టుకుంది. వృద్ధ మహిళల మీద జరిగిన పరిశోధనలో రోజుకు 4,400 అడుగులు వేసినవాళ్లకే మరణాల ముప్పు గణనీయంగా తగ్గిందని, 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదని 2019లో తేలింది. పది వేలు కాలేదని దిగులుపడి మొత్తానికే నడక మానేసే అవ్వలకు, తాతలకు ఎవరైనా ఈ సంగతి చెబితే పుణ్యముంటుంది. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా కదిలితే చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

రెండో పక్క కూడా చూపించాలి గదా. బరువు తగ్గాలనుకున్న 471 మందిని అమెరికాలో రెండేళ్లు గమనించారు. చేతికి యంత్రం కట్టుకున్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, కట్టుకోనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. యంత్రం కొన్నాం కదా, ఇక అదే చూసుకుంటుందిలే అన్న భరోసా మనిషిని మోసం చేసిందేమో! ఇంకా ప్రమాదం మరోటుంది. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతానన్న ఒక యాప్‌ను 2016లో పరీక్షిస్తే, రక్తపోటు ఎక్కువున్న ప్రతి పది మందిలో దాదాపు ఎనిమిది మందికి నీకేం లేదు పొమ్మంది. అలాంటి సరుకు మన మార్కెట్లోనూ ఉచితంగా దొరుకుతోంది. చవక గడియారాలు చూపించే బీపీ అంకె నమ్మి మాత్ర మానేసేవాళ్లు ఉన్నారు. బీపీ చూసుకోవాలంటే చేతికి పట్టీ కట్టే యంత్రమే గతి. ఆ పని ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరుగుతుంది.

తెలుగునాట జరిగిన మరో ప్రయోగం మన అధికారులు తప్పక చదవాల్సింది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చారు. ఇంటింటికీ పోయి గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి డాక్టరు దగ్గరికి పంపించే ఏర్పాటు. ఆశాలు తమ వంతు చేశారు, పంపాల్సినవాళ్లను పంపారు. 2019లో ఫలితాలు చూస్తే రక్తపోటు అదుపులోకి రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకు రాలేదంటే ఏం చెబుతాం? ట్యాబ్ మనిషిని ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకుపోగలదు. గుమ్మం లోపల డాక్టరు ఉండాలి, నెలనెలా మందు ఉండాలి. ఆ రెండూ ప్లేస్టోర్‌లో దొరకవు.

ఇక మన సరిహద్దు గోల వేరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. గీత నేల మీద పడింది గానీ నాలుక మీద పడలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగట్లో రెండూ, కౌల్ బజార్‌లో దానికి తోడు ఉర్దూ. బళ్లారి రాఘవ పెరిగిన ఊళ్లో ఇవ్వాళ తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎంతమందికి తెలుగు చదవడం వచ్చు? బడి కన్నడ మాధ్యమం కాబట్టి తెలుగు అక్షరం తెలియదు. ముసలివాళ్లకు కన్నడ అక్షరం తెలియదు. కొందరికి ఏ అక్షరమూ తెలియదు. ఇలాంటి చోట రాజధానిలో కూర్చుని రాసిన కన్నడ సందేశం ఒక ఇంట్లో ఇద్దరికి అర్థమైతే మిగతా ముగ్గురికి కాదు. పోనీ తెలుగులో పంపితే? హైదరాబాదులో అనువాదం చేయించిన 'శారీరక క్రియాశీలతను పెంపొందించుకొనుడి' అన్న వాక్యం సిరుగుప్ప క్యాంపులో ఎవరికి ఎక్కుతుంది? దానికన్నా కన్నడమే నయమనిపిస్తుంది!

అందుకే రాత కాదు, మాట కావాలి. వారానికి రెండుసార్లు ఫోన్ మోగి, మనూరి ఆడగొంతు మన యాసలో పలకరిస్తే వినని వాళ్లుండరు. 'ఏమక్కా, పొద్దన్నుంచి కూర్చునే ఉండావా? లేచి ఆ వీధి చివరదాకా పోయిరా' అంటే నవ్వుకుంటూనైనా లేస్తారు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. స్మార్ట్‌ఫోన్ మాట కూడా లేని 2007లోనే ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరు పల్లె జనానికి ఫోన్లో వైద్య సలహా ఇచ్చింది. గీతకు అవతల రాయదుర్గంవాళ్లు వాడుకుంటుంటే ఇవతల మనం చూస్తూ కూర్చున్నాం. కర్ణాటకలో 2013లో ఆరోగ్యవాణి పేరుతో అదే 104 వచ్చింది. నంబరు ఉంది, వ్యవస్థ ఉంది. బళ్లారి జిల్లావరకు తెలుగు, ఉర్దూ గొంతులు చేర్చి, జనం ఫోన్ చేసేదాకా ఆగకుండా మనమే జనానికి ఫోన్ చేసే ఏర్పాటు జోడించడానికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతమే. మిగతా ఇళ్లలో ఫోన్ మగవాడి జేబులో బయటికి పోతుంది. ఆమెకు వచ్చిన సందేశం ఏ టీకొట్టు దగ్గరో మోగి ఆరిపోతుంది. అందువల్ల కాల్ రావాల్సింది రాత్రి ఎనిమిది తర్వాత, ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు. ఈ పాటి విషయం ఏసీ గదిలో యాప్ తయారు చేసేవాడికి తట్టదు. మధ్యాహ్నం రెండు గంటలకు 'లేవండి, నడవండి' అని గంట కొట్టే యాప్‌లున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారిలో మధ్యాహ్నం రెండింటికి బయట నడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? నలభై దాటిన ఎండలో గుట్టలు కూడా సెగలు కక్కుతుంటాయి.

సరే, తెల్లవారి నడుద్దామని ఒక ఇల్లాలు బయలుదేరిందనుకుందాం. ఎక్కడ నడవాలి? మున్సిపల్ మైదానం దగ్గరున్నవాళ్లు అదృష్టవంతులు. మిగతా వార్డుల్లో వీధిదీపం వెలిగితే ఒట్టు. కాలిబాట మీద అంగళ్లు, అంగళ్ల ముందు బైకులు. కుక్కల గుంపు ఎటునుంచి వస్తుందో తెలియదు. సండూరు దారిలోనైతే ఖనిజం లారీల దుమ్ము. నడకతో వచ్చే ఆరోగ్యం ఎంతో, దుమ్ముతో పోయేది ఎంతో కూడికలు తీసివేతలు చేసుకోవాల్సిందే. ఫోన్ పుణ్యమా అని ఎవరైనా కదిలితే, కదలడానికి చోటు చూపించే బాధ్యత నగరపాలికది. బళ్లారికి డబ్బుల్లేవంటే నమ్మేవాళ్లెవరూ లేరు. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు జిల్లా ఖనిజ నిధి ఏర్పాటైంది. గనులవల్ల నష్టపోయిన ప్రాంతాల్లో ఆరోగ్యం, తాగునీరు, పర్యావరణం వంటివాటికి ముందు ఖర్చుపెట్టాలని నిబంధన. మన జిల్లా తవ్వి ఇచ్చిన ఇనుముకు వచ్చిన డబ్బది. భవనాలు కట్టడానికి, ప్రారంభోత్సవ శిలాఫలకాలకు అది బాగానే కదులుతోంది. ప్రతి వార్డులో రెండు ఫర్లాంగుల నడకబాట, నాలుగు దీపాలు, ఒక తాగునీటి కొళాయి అంటే మాత్రం మీనమేషాలు లెక్కిస్తారు.

ఆశాల మీద మరో మాట. 2024 అక్టోబరులో కోలారు జిల్లాలో మొదలైన గృహ ఆరోగ్య పథకం తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇళ్లకే పోయి బీపీ, షుగరు చూసే మంచి పథకం. దాని బరువు మోసేది ఆశాలే. 2025 జనవరిలో ఇదే ఆశాలు గౌరవ వేతనం కోసం బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో చలిలో రోజుల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. సొంత ఫోను, సొంత రీచార్జి, పైగా ఇంకో కొత్త యాప్. ఒకే మనిషి వివరాలు ఒకటికి రెండు చోట్ల ఎక్కించాలి. నెట్ రాకపోతే గుట్టెక్కి నిలబడాలి. జనం అడుగులు లెక్కించే ప్రభుత్వం ఈ తల్లుల అడుగులు కూడా ఒకసారి లెక్కిస్తే బాగుండును. వాళ్లకు పని ఫోను, నెలవారీ డేటా ఇవ్వకుండా మొబైల్ ఆరోగ్యం గురించి మాట్లాడటం ఎద్దులకు మేత వేయకుండా మడక కట్టడమే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఉచితంగా వచ్చే యాప్ మన బరువు, షుగరు, నెలసరి, నిద్ర అన్నీ అడుగుతుంది. అవి ఎవరి చేతికి పోతాయో సామాన్యుడికి తెలియదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గనక భయం లేదనుకుంటే పొరపాటు. జబ్బు సంగతి యజమానికి తెలిస్తే పని పోతుందని భయపడే కూలివాడు నిజం చెప్పడు. కాబట్టి ఫ్యాక్టరీలైనా, కుట్టు యూనిట్లైనా కూలీల ఆరోగ్య లెక్కలు యాజమాన్యం చూడకూడదు. ఆరోగ్య శాఖ దగ్గరే ఉండాలి.

మళ్లీ కౌల్ బజార్‌కు వద్దాం. అక్కడ కుట్టు పనివాళ్లలో ఒకాయన్ని ఈ సంగతులే అడిగాం. 'ఫోనుంది సామీ, నడకా వస్తది. గంటకోసారి ఐదు నిమిషాలు లేస్తే సేటు ఏమీ అనడు, పీసు లెక్కే గదా. తగ్గేది నా కూలే' అన్నాడు. ఆయన మాటలో లెక్క స్పష్టంగా ఉంది. గంటకు ఐదు నిమిషాలంటే పది గంటల పనికి యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాల కూలి పీసు ధరలో కలపాలా, కార్మిక శాఖ భరించాలా, యజమానులు సగం వేసుకోవాలా.. ఇది తేల్చకుండా ఆయన ఫోన్లో ఏ యాప్ వేసినా అలంకారమే. యజమానులకు కూడా ఇందులో నష్టమొక్కటే లేదు. పదేళ్ల పనితనం ఉన్న చెయ్యి పడిపోతే అలాంటి చెయ్యి మళ్లీ దొరకడం ఎంత కష్టమో వాళ్లకే బాగా తెలుసు.

జిల్లాధికారి, ఆరోగ్య శాఖ, కార్మిక శాఖ, జీన్స్ యూనిట్ల సంఘాలు ఒక్కసారి కూర్చుంటే చాలు, ఇది తెమిలే విషయమే. ఒకేసారి జిల్లా అంతా అక్కర్లేదు. కౌల్ బజార్‌లో పది యూనిట్లు, సిరుగుప్ప తాలూకాలో ఐదు క్యాంపులు, సండూరు తాలూకాలో రెండు గని గ్రామాలు తీసుకోండి. మొదటిరోజు అందరికీ పట్టీ కట్టి బీపీ, చుక్క రక్తం తీసి షుగరు చూడండి. ఆర్నెల్లపాటు తెలుగు, కన్నడ, ఉర్దూ గొంతులతో వారానికి రెండు కాల్స్ చేయండి. ఆరోగ్య కేంద్రంలో మందులు అయిపోకుండా చూడండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ కొలవండి. ఎండలు ముదరకముందే, మార్చిలోపు మొదలుపెడితే నడక అలవాటు కావడానికి వ్యవధి ఉంటుంది. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ఆ అంకెలు ఇదే పేజీలో అచ్చువేయడానికి మేం సిద్ధం.